చప్పుడు చెయ్యని ఇంజను

రైలు పట్టాల మీది వంతెన దిగగానే ఎడమ పక్కన మెకానిక్కుల సందు ఉంది. వాన పడితే అక్కడ గుంటల్లో నీళ్ళ మీద నూనె తెట్టు కడుతుంది, ఎండ కాస్తే రేకుల కింద మనుషులు ఉడికిపోతారు. టైర్లకి పంక్చర్లు వేసేవాళ్ళు, సీట్లు కుట్టేవాళ్ళు, రేడియేటర్లకి మాట్లు వేసేవాళ్ళు, ఏ పనీ చెయ్యకుండా అందరి పనికీ వంకలు పెట్టేవాళ్ళు, అందరికీ ఆ సందులోనే పొద్దు పోతుంది. ఎదుటివాడికి పేరు పెట్టడంలో వాళ్ళకి జాలీ దయా ఉండవు. మాటు వేసిన చోటే మళ్ళీ కారుతుందని రేడియేటర్లాయనకి కారుడు బాబాయి అని పెట్టారు. ఆయన పిల్లలు కూడా అలాగే పిలుస్తారని వినికిడి. అలాంటి సందులో ఒక మనిషికి మెచ్చుకోలుగా పేరు పడిందంటే మామూలు విషయం కాదు. చివరి షెడ్డాయనని అందరూ చెవి మేస్త్రీ అనేవారు.

బండి సందు మలుపు తిరుగుతుండగానే మేస్త్రీ చేతిలో పని మీంచి తల ఎత్తకుండా, "ప్లగ్గు ఒకటి పోయింది, పక్కన పెట్టుకో" అనేవాడు. బానెట్ ఎత్తి చూస్తే ప్లగ్గు పోయే ఉండేది. అంతకన్నా లోతు జబ్బయితే పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద పెట్టి, పిడిని చెవి వెనక ఎముకకి ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. ఆ కాసేపూ కారుడు బాబాయి కూడా నోరు కట్టేసుకునేవాడంటే మిగతావాళ్ళ సంగతి చెప్పాలా?

ఆ చెవి ఆయనకి తల్లి ఇచ్చింది. ఆవిడ ఒంటిగది ఇంట్లో కుట్టుమిషను తొక్కి పిల్లలని పెంచింది. పక్క మీద పడుకుని, దుప్పటి ముసుగు తియ్యకుండానే, సూది కింద ఉన్నది పల్చటి గుడ్డో మందపాటి గుడ్డో చెప్పేవాడట చిన్నప్పుడు. సూది విరగబోయే ముందు మిషను గొంతు మారేది. "అమ్మా, ఆపు" అని వీడు అరిచేవాడు, ఆవిడ ఆపేది. చదువు మీద పెట్టని శ్రద్ధ మిషను మీద పెడుతున్నాడని తిడుతూనే ఆపేది.

పెట్రోలు బండ్లకి గ్యాసు కిట్లు పెట్టించుకోవాలని ఊరంతా ఎగబడ్డ రోజుల్లో మేస్త్రీ దశ తిరిగింది. ఖర్చు తగ్గుతుందని ఎగబడ్డవాళ్ళంతా నెల తిరక్కుండానే మొహాలు వేలాడేసుకుని సందులోకి వచ్చారు. బండి లాగడం లేదు. ఖాళీగా ఉంటే పరవాలేదు, బరువు వేస్తే చాలు, వంతెన సగానికి వచ్చేసరికి ఆయాసపడిపోతోంది. వాళ్ళు గ్యాసుని తిట్టారు, కిట్టు బిగించినవాడిని తిట్టారు, తిట్టడానికి ఎవరూ మిగలక వంతెన కట్టినవాడిని కూడా తిట్టారు.

"గ్యాసునెందుకు తిడతారు?" అనేవాడు మేస్త్రీ. "పెట్రోలు కోసం పుట్టిన ఇంజను ఇది. దీనికి తిండి మార్చి, అలవాట్లు మార్చకపోతే ఎలా లాగుతుంది?"

అలవాట్లు మార్చడమే ఆయన పని. ఇంజను సిలిండర్లో గాలికి ఉండాల్సిన చోటు గ్యాసు ఆక్రమించేస్తుంది కాబట్టి, వెళ్ళే ఆ కాస్త గాలికి అడ్డం లేకుండా ఫిల్టరు శుభ్రంగా ఉండాలి. పెట్రోలంత తొందరగా మండదు కాబట్టి, నిప్పురవ్వ కొంచెం ముందే పడాలి. రవ్వ గట్టిగా పడాలంటే ప్లగ్గు మూతి దగ్గర సందు తగ్గించాలి. ఇవన్నీ అందరికీ తెలిసినవే, పుస్తకాల్లో ఉన్నవే. ఎంత ముందు, ఎంత తక్కువ అన్నదే తేలదు, ఎందుకంటే అరిగిన ప్రతి ఇంజనూ తన పద్ధతిలో తను అరిగి ఉంటుంది. మేస్త్రీ ఇంజను తిరుగుతుండగా, రవ్వ పడే వేళని మార్చే డిస్ట్రిబ్యూటరు పట్టుకుని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ వినేవాడు. ఒకచోట ఇంజను గొంతు తేటపడేది. అక్కడ బిగించేవాడు. తర్వాత బండి నిండా బరువు వేయించి, మూడో గేరులో వంతెన ఎక్కించి దింపేవాడు. మూడో గేరులో ఎక్కని బండికి కూలి తీసుకునేవాడు కాదు.

ఇంకొక సంగతి ఆయన అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాడు. పెట్రోలు తడిది, సిలిండరుకి తలుపులా తెరుచుకుని మూసుకునే వాల్వుకి కాస్త చలవ చేస్తుంది. గ్యాసు పొడిది. వాల్వు ప్రతిసారీ వెళ్ళి ఆ వేడి పొడి ఇనుము మీద కూర్చుంటుంది. కూర్చునీ కూర్చునీ దాని సీటు అరిగిపోతుంది, వాల్వు లోపలికి దిగుతుంది. దిగినకొద్దీ వాల్వు నెత్తిన ఉండాల్సిన చిన్న సందు మూసుకుపోతుంది. ఇంజనులో వినిపించే టిక్ టిక్ ఆ సందుదే. అది మూసుకుపోతే చప్పుడు ఆగిపోతుంది, వాల్వు పూర్తిగా మూసుకోదు, మంట ఆ చీలికలోంచి తోసుకొచ్చి వాల్వు అంచుని కొరికేస్తుంది. "అందుకని గ్యాసు బండి టిక్కుమంటోందని నా దగ్గరికి రాకండి, అది బాగున్నట్టే" అనేవాడు. "టిక్కు ఆగిపోయిందా, ఆ పూటే పట్టుకొచ్చేయండి."

ఈ పాఠం అందరికన్నా ఎక్కువసార్లు విన్నది ఆయన బావమరిది. అక్క పెళ్ళయిన కొత్తలో బావ షెడ్డులోనే స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు, బావ మాట తప్ప ఇంకో మాట వినేవాడు కాదు. కొన్నాళ్ళు వాళ్ళ బండీ వీళ్ళ బండీ తోలి, చివరికి సొంతంగా ఒక పాత వ్యాను కొనుక్కున్నాడు. దానికి గ్యాసు కిట్టు పెట్టి, టైమింగు చూసి, మూడో గేరులో వంతెన ఎక్కించి ఇచ్చింది బావే. ఆ వ్యానులో అతను ఆసుపత్రుల దుప్పట్లు వేసుకెళ్తాడు. మాసినవి లాండ్రీకి, ఉతికినవి ఆసుపత్రులకి. లాండ్రీలో ఆరబెట్టే చోటు చాలదు కాబట్టి, కొన్ని మూటలు తడిగానే వంతెన అవతల ఉన్న ఆరబెట్టే షెడ్డుకి వెళ్ళాలి. తడి దుప్పటి ఎంత బరువుంటుందో మోసినవాడికి గాని తెలియదు. వ్యాను నిండా తడి మూటలతో వంతెన ఎక్కడమే అతని బతుకుతెరువు. వేళకి అందకపోతే ఆసుపత్రివాళ్ళు లాండ్రీని అంటారు, లాండ్రీవాళ్ళు ఇతన్ని మార్చేస్తారు. వ్యానుల వాళ్ళు లాండ్రీ గేటు దగ్గర ఎప్పుడూ కాచుకునే ఉంటారు.

మేస్త్రీకి చెవులు ఎప్పుడు పాడవడం మొదలైందో ఆయనకే తెలియదు. పక్క షెడ్డులో గాలి కొట్టే కంప్రెషరు, ఎదురుగా గ్రైండింగు మిషను, రోజంతా ఇంజన్ల మీదికి వంగిన తల, వీటన్నిటి మధ్యా ఏ చెవి మాత్రం ఎన్నాళ్ళుంటుంది? సన్నటి చప్పుళ్ళు ముందు పోయాయి. ఇంట్లో ఫోను మోగితే భార్య లేచి వెళ్ళేది, అప్పుడు గాని అది మోగుతోందని ఈయనకి తెలిసేది కాదు. ఒకరోజు డిస్ట్రిబ్యూటరు తిప్పుతూ తిప్పుతూ ఉంటే, గొంతు తేటపడే ఆ చోటు రాలేదు. వెనక్కి తిప్పాడు, రాలేదు. చివరికి చెయ్యి అలవాటు కొద్దీ ఎక్కడ ఆగిందో అక్కడ బిగించాడు. బండి మూడో గేరులోనే వంతెన ఎక్కింది. ఇన్నేళ్ళ అలవాటున్న చెయ్యి కాబట్టి సరిపోయింది, ఎవరికీ తెలియలేదు. ఆ రోజు మేస్త్రీ అన్నం సగంలో వదిలేసి లేచాడు.

ఆ తర్వాత నుంచి దాపరికమే. ఎవరైనా మాట్లాడబోతే చెయ్యి ఎత్తి, "ఆగు, ఇంజను వింటున్నా" అనేవాడు. మహా గొప్ప పనిమంతుడి ధోరణిలా ఉండేది అది, మనుషుల మాట అందక పడుతున్న అవస్థ అని ఎవరనుకుంటారు? అడిగినదానికల్లా "ఆఁ, చూద్దాం" అనడం అలవాటు చేసుకున్నాడు. ఆ జవాబు చాలా ప్రశ్నలకి సరిపోతుంది. సరిపోని చోట నవ్వేవాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు కదా అంటే, ఎలా వెళ్తాడు? చెవి మేస్త్రీ చెవి డాక్టరు గుమ్మం ఎక్కాడని సందులో తెలిస్తే ఆ సాయంత్రానికే కొత్త పేరు పడుతుంది, అదేమిటో ఆయన ముందే ఊహించుకున్నాడు. పనిలో ఒక్కటే ధైర్యం మిగిలింది. స్క్రూడ్రైవరు పిడి ఎముకకి గట్టిగా నొక్కి పెడితే, గాలిలో అందని టిక్కు ఎముకలోంచి ఇంకా అందుతోంది. అది ఉన్నంతకాలం తను మేస్త్రీయే.

ఇంట్లో భార్య ఏమీ అనలేదు. వెనకనుంచి పిలవడం మానేసి, ఏం చెప్పాలన్నా ఎదురుగా వచ్చి నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. ఈయన ఒకదానికి ఇంకొకటి జవాబు చెప్తే ఆ ఇంకొకదాని గురించే మాట కొనసాగించేది. తను ఎంత బాగా దాస్తున్నానో అని మేస్త్రీ అనుకునేవాడు.

వానలు పట్టుకున్న రోజుల్లో బావమరిది వ్యాను తీసుకొచ్చాడు. షెడ్డు ముందు ఆపి, ఇంజను ఆపకుండానే దిగాడు.

"బావా, బండి లాగట్లేదు. తడి మూటలు వేస్తే వంతెన మీద రెండో గేరుకి వచ్చేస్తోంది. నిన్న రెండో గేరులో కూడా మూలిగింది."

"ఎన్నాళ్ళయింది?"

"కొన్నాళ్ళయింది." అతను ఇంజను వైపు చూశాడు, ఇంకేదో చెప్పడానికి నోరు తెరిచాడు, మూసుకున్నాడు. "ఒకసారి బాగా విను బావా."

మేస్త్రీ స్క్రూడ్రైవరు తీశాడు. వాల్వుల మూత మీద కొన పెట్టి, పిడి చెవి వెనక ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. అడుగునుంచి బరువైన గురగుర వస్తోంది. టిక్కు లేదు. కొన కొంచెం జరిపి ఇంకా గట్టిగా నొక్కాడు. లేదు. ఇంజను సంగతి ఆయనకి తట్టనే లేదు, ఎముక కూడా పోయింది అన్న ఒక్క మాటే తట్టింది. కళ్ళు తెరిస్తే బావమరిది చూస్తున్నాడని, తెరవకుండా అలాగే వంగి నిలబడ్డాడు.

అదే సమయానికి భార్య అన్నం క్యారియరు పట్టుకుని, గొడుగు మూస్తూ షెడ్డులోకి వచ్చింది. చివరికి కళ్ళు తెరిచిన మేస్త్రీ ఆవిడని చూసి, వేళాకోళంగా అన్నట్టు నవ్వు తెచ్చిపెట్టుకుని, "ఇలా రా" అన్నాడు. "చెవి మేస్త్రీ పెళ్ళానివి కదా, నీ చెవి ఏపాటిదో చూద్దాం. ఇక్కడ గడియారం లాంటి చప్పుడేమైనా వస్తోందా?"

ఆవిడ క్యారియరు కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని వంగింది. చాలాసేపు వింది. తర్వాత ఆయనకి ఎదురుగా నిలబడి, "లేదండీ. మెత్తగా తిరుగుతోంది. చప్పుడేం లేదు" అంది.

మేస్త్రీకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆవిడకీ వినిపించలేదంటే లేనట్టే. లేనిది తనకి మాత్రం ఎలా వినిపిస్తుంది? తన ఎముక బాగానే ఉంది, తను బాగానే ఉన్నాడు. టీకొట్టాయనని కేకేసి అందరికీ టీ చెప్పాడు. కారుడు బాబాయికి కూడా చెప్పాడు. భయం దిగిపోతే మనిషి ఎంత తేలికవుతాడో, అంత గుడ్డివాడూ అవుతాడు. ఊరందరికీ ఊదరగొట్టిన పాఠం ఆ క్షణాన ఆయన బుర్రలో ఏ మూల దాక్కుందో దానికే తెలియాలి. టిక్కు లేదన్న మాట విని గుండె బాదుకోవలసిన మనిషి, అదే మాట విని టీ పోయించాడు.

బావమరిది టీ గ్లాసు పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు. గ్లాసులోకే చూస్తున్నాడు.

"మొహం అలా పెట్టకురా" అన్నాడు మేస్త్రీ. "ఇంజను మెత్తగా ఉంది. రవ్వ ఆలస్యంగా పడుతోంది, అంతే."

కొత్త ప్లగ్గులు సందు తగ్గించి వేశాడు, ఫిల్టరు మార్చాడు, డిస్ట్రిబ్యూటరు ఇంకాస్త ముందుకి తిప్పి బిగించాడు. ఖాళీ వ్యాను మూడో గేరులో వంతెన ఎక్కి దిగింది. బరువు వేసి చూడటానికి ఆ రోజు మూటలు లేవు. ఎన్నడూ లేనిది, ఖాళీ బండిని చూసే సరేననేశాడు. బావమరిది కూడా సరేనన్నాడు. వెళ్తూ వెళ్తూ అద్దంలోంచి బావని ఒకసారి చూశాడు.

వారం తిరక్కుండా, పొద్దున్నే, జోరున వాన కురుస్తుండగా, నిండా తడి మూటలతో వ్యాను వంతెన సగానికి వచ్చి ఆగిపోయింది. ఆగడమే కాదు, వెనక్కి జారడం మొదలుపెట్టింది. బ్రేకు మీద నిలబడి, చేతి బ్రేకు లాగి, తలుపు తీసి దూకి చక్రం కింద రాయి పెట్టేసరికి బావమరిదికి ప్రాణం కడబట్టింది. వెనక బండ్లన్నీ ఆగి హారన్లు మోగించాయి. ఆ తలనొప్పి భరించలేక ఎవరో నలుగురు దిగి వ్యానుని పక్కకి నెట్టారు. మూటలు ఇంకో బండిలోకి మార్చి ఆరబెట్టే షెడ్డుకి చేర్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ పూట ఒక ఆసుపత్రిలో మంచాల మీద పరచడానికి దుప్పట్లు లేవు. సాయంత్రానికి లాండ్రీ నుంచి ఫోను వచ్చింది. రేపట్నుంచి రావద్దన్నారు.

వ్యానుకి తాడు కట్టి సందులోకి లాక్కొచ్చారు. మేస్త్రీ ఇంజను నెత్తిన వాల్వులుండే హెడ్డు విప్పి బల్ల మీద బోర్లా పెట్టాడు. సందంతా చుట్టూ చేరింది. చూడటానికి మేస్త్రీ అవసరం కూడా లేదు, ఎవరికైనా కనిపిస్తోంది. వాల్వులు సీట్లలోకి దిగిపోయి ఉన్నాయి. ఒకదాని అంచు ఎలుక కొరికిన బిస్కెట్టులా ఉంది. మేస్త్రీ దాన్ని వేలితో తడిమాడు. ఆ నల్లటి గరుకు వేలికి తగలగానే, షెడ్డులో భార్య అన్న మాట, తను తాగించిన టీలు, తన పాఠం అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి.

"తప్పు నాది" అని బావమరిది గట్టిగా అందరికీ వినిపించేట్టు అన్నాడు. "వాల్వులు చూపించమని బావ ఎప్పుడో చెప్పాడు. నేనే ఇవాళా రేపూ అని నానబెట్టాను."

సందువాళ్ళు తలలు ఊపారు. అది అబద్ధమని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట మేస్త్రీ నోట రాలేదు.

ఇంటికి వెళ్ళి, చేతులైనా కడుక్కోకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ రోజు వ్యాను దగ్గర నిజం చెప్పావా? నా మొహం చూసి జాలిపడి చెప్పావా?"

ఆవిడ పొయ్యి తగ్గించి, వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. "నిజమే చెప్పానండీ. చప్పుడు వినిపించలేదు. వినిపించి ఉంటే..." ఆగిపోయింది.

"వినిపించి ఉంటే?"

ఆవిడ కళ్ళు దించుకుంది. "అప్పుడు ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు" అంది.

మేస్త్రీ గోడకి చేరబడి అలాగే కిందకి జారి కూర్చున్నాడు. ఆవిడకి అంతా తెలుసు. ఎప్పట్నుంచో తెలుసు. ఆవిడ అబద్ధం చెప్పి ఉంటే ఈ పాపం చెవుల మీదకి తోసెయ్యొచ్చు. ఆవిడ నిజం చెప్పింది, ఎముకా నిజమే చెప్పింది. ఇంజను సరిగ్గా తను చెప్పినట్టే చప్పుడాపి తన జబ్బు చెప్పుకుంది. తన గొడవలో తను పడి పట్టించుకోనిది తనే. అది తలుచుకుంటే ఆయనకి ఏడుపు వచ్చింది, ఏడ్చాడు. తన ఏడుపు ఎంత బిగ్గరగా ఉందో ఆయనకి తెలియలేదు. భార్య వెళ్ళి వీధి తలుపు మూసి వచ్చింది.

మర్నాడు బావమరిది షెడ్డుకి వచ్చేసరికి మేస్త్రీ హెడ్డు విప్పిన ఇంజను ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"ఒరేయ్, నాకు చెవులు వినపడటం లేదు" అన్నాడు.

"తెలుసు బావా."

"అక్క చెప్పిందా?"

"అక్క చెప్పలేదు. ఏడాది దాటింది నాకు తెలిసి."

ఏడాదిగా తనతో మాట్లాడేటప్పుడు ఇతను గొంతు పెంచి, మొహం ఎదురుగా పెట్టి మాట్లాడుతున్నాడని మేస్త్రీకి అప్పుడు తెలిసివచ్చింది.

"తెలిసీ బండి నా దగ్గరికే ఎందుకు తెచ్చావు?"

"వేరేచోటికి తీసుకెళ్తే నాకు తెలుసని నీకు తెలిసిపోతుంది కదా." బావమరిది గోడకి వేలాడుతున్న పాత బెల్టులకేసి చూశాడు. "టిక్కు ఆగి అప్పటికే నెల అయింది బావా. నాకు తెలుసు. మొదటి రోజే గమనించాను. నువ్వు చెప్పిందేగా."

మేస్త్రీకి సరిగ్గా అందలేదనుకుని మళ్ళీ చెప్పబోయాడు. మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టాడు. అందింది.

"చెప్పొచ్చు కదరా."

"ఎలా చెప్పను? చప్పుడు ఆగింది బావా అంటే, నీకు వినపడటం లేదు బావా అన్నట్టు కాదూ? అందుకే బాగా వినమన్నాను. నువ్వే కనిపెడతావనుకున్నాను. తర్వాత అక్క వినిపించలేదంది, నీ మొహం అలా వెలిగింది, టీలు చెప్పావు. ఆ మొహం చూశాక ఇంక నా వల్ల కాలేదు."

మేస్త్రీకి తిట్టాలనిపించింది. తిడదామంటే ఎవరిని తిడతాడు? తనకి నొప్పి తగలకూడదని ఇల్లంతా ఏడాదిపాటు మునివేళ్ళ మీద నడిచింది. తను దాస్తున్నాననుకున్నాడు, వాళ్ళు తనకి దాచారు. అందరి మంచితనమూ కలిసి వెళ్ళి ఆ వ్యాను నెత్తిన పడింది. ఆ మంచితనం అంటేనే ఆయనకి ఆ పూట కంపరం పుట్టింది.

వ్యానుని అమ్మేయాలని బావమరిది నిర్ణయించుకున్నాడు. లాండ్రీ పని పోయాక, ఇంకో పని దొరికేదాకా దాన్ని మేపడం అతని వల్ల కాదు. ఒక లారీల కంపెనీలో డ్రైవరుగా కుదిరాడు, నెలలో సగం రోజులు ఇంటికి దూరంగా ఉండాలి. సొంత బండి వదిలి మళ్ళీ పరాయి స్టీరింగు పట్టడం ఎలా ఉంటుందో అతను చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కొనేవాడు వచ్చేలోగా ఇంజను బాగుచేసి ఇస్తానన్నాడు మేస్త్రీ. గ్యాసు వేడికి తట్టుకునే గట్టి సీట్లు హెడ్డుకి వేయించాడు, కొత్త వాల్వులు కూర్చోబెట్టాడు. ఇన్నేళ్ళూ వాల్వుల సందు చెవితోనే చూసుకున్న మనిషి, ఈసారి పనిముట్ల పెట్టె అడుగునుంచి ఫీలర్ గేజి వెతికి తీశాడు. పల్చటి రేకు ముక్కల గుత్తి అది. సరైన మందం రేకుని సందులోకి దూర్చి చూస్తే కొలత తెలిసిపోతుంది, చెవితో పని లేదు. దాని మీద తుప్పు పట్టి ఉంటే కిరోసిన్‌తో తుడిచాడు.

కొనేవాడు వచ్చే రోజు మేస్త్రీ ఇంజను స్టార్టు చేశాడు. బావమరిది ఒక పక్క, భార్య ఇంకో పక్క నిలబడ్డారు. మేస్త్రీ స్క్రూడ్రైవరు తియ్యలేదు.

"టిక్కు వస్తోందా?" అని అడిగాడు.

"వస్తోందండీ" అంది భార్య వెంటనే. "బాగా వస్తోంది."

మేస్త్రీ ఆవిడ మొహంలోకి చూశాడు. నిజమే అయ్యుండొచ్చు. కాకపోయినా ఆ మొహం అలాగే ఉంటుంది. ఎన్నాళ్ళు చూసినా ఆ మొహంలో తేడా ఆయనకి దొరకదు. ఇంక ఈ జన్మకి ఇంతే కాబోలు అనుకుని, మూత బోల్టులు మళ్ళీ ఒకసారి బిగించడానికి వంగాడు.

"బావా" అన్నాడు బావమరిది. ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "మధ్యలో ఒకటి తప్పుతోంది. మిగతావన్నీ టిక్కుమంటున్నాయి, అది అనట్లేదు. బిగువుగా పెట్టావు."

భార్య తమ్ముడికేసి ఉరిమి చూసింది. అతను చూపు తిప్పుకోలేదు.

మేస్త్రీ ఇంజను ఆపి, చల్లారేదాకా కూర్చున్నాడు. చల్లారాక మూత విప్పి, ఇంజనుని చేత్తో తిప్పుతూ ఒక్కొక్క వాల్వు మీదా రేకు దూర్చి చూశాడు. మధ్యలో ఒకదాని దగ్గర రేకు వెళ్ళలేదు. ఇంకోసారి తోశాడు, వెళ్ళలేదు. నట్టు బిగించేటప్పుడు స్క్రూ దానితోపాటు తిరిగిపోయినట్టుంది. ఒకప్పుడైతే ఇలాంటి తప్పు పక్క షెడ్డువాడు చేస్తే నెల రోజులు నవ్వేవాడు.

"నిజమే" అన్నాడు. "తప్పు పెట్టాను."

సందు సరిచేసి, ఈసారి స్క్రూ కదలకుండా పట్టుకుని నట్టు బిగించి, మూత వేసి మళ్ళీ స్టార్టు చేశాడు.

"ఇప్పుడు?" అని అడిగాడు. భార్యని అడగలేదు.

బావమరిది వంగి విన్నాడు. తొందరపడలేదు. "ఇప్పుడు వస్తోంది బావా. అన్నీ వస్తున్నాయి."

మేస్త్రీ ఆ మాట నమ్మాడు. తనకి వినిపించని చప్పుడు ఉందని ఇంకొకరి నోటి మాట మీద నమ్మడం ఆయనకి అదే మొదటిసారి.

కొనేవాడు వచ్చి, చుట్టూ తిరిగి, టైర్లు తన్ని చూసి, తాళం తీసుకున్నాడు. మేస్త్రీ పట్టుబట్టి వంతెన అవతల పాతసామాన్ల కొట్లో దింపాల్సిన ఇనుప ముక్కలన్నీ కారుడు బాబాయి షెడ్డులోంచి మోయించి వ్యాను నింపించాడు. కొనేవాడు తోలుతుంటే ముగ్గురూ సందు మొగలో నిలబడి చూశారు. వ్యాను మూడో గేరులో వంతెన మొత్తం ఎక్కింది. పైకి వెళ్ళి, అవతలికి దిగి, కనపడకుండా పోయింది. బావమరిది చాలాసేపు ఆ వైపే చెవి పెట్టి నిలబడ్డాడు. భార్య కూడా నిలబడింది. చప్పుడు ఇంకా వినిపిస్తోందా, ఆగిపోయిందా అని మేస్త్రీ వాళ్ళిద్దరి మొహాలూ చూస్తూ ఉన్నాడు. వాళ్ళు వెనక్కి తిరిగాక ఆయనా తిరిగాడు.